జాగ్రత్తమ్మ ముందే చెప్పింది

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఎవరు గడప దాటుతున్నా "జాగ్రత్తమ్మా", "జాగ్రత్త నాయనా" అని వెనక నుంచి కేకేసే మనిషి కాబట్టి జాగ్రత్తమ్మ అయిపోయింది. చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయినా, భయపడటంలో మాత్రం ఆమెది పెద్ద చదువే. పాలు పొంగితే ఇల్లు కాలిపోతుందనుకునేది. ఫోను మోగితే ఎవరో పోయారనుకునేది. మోగకపోతే, పోయారని చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకునేది.

ఆమె భర్త సోఫాలకు, కుర్చీలకు, కారు సీట్లకు కొత్త తొడుగులు కుట్టేవాడు. మేడ మీద ఉన్న రేకుల గదే ఆయన దుకాణం. అందులో ఒక పెద్ద కుట్టుమెషీను, బట్ట కత్తిరించే బల్ల, కప్పు దాకా పేర్చిన ఫోము దిమ్మలు. ఆయన మితంగా మాట్లాడే మనిషి. భార్య వాడగా మిగిలిన మాటలు ఏవైనా ఉంటే అవి ఏరుకుని వాడుకుంటున్నట్టు ఉండేవాడు.

ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. వచ్చి పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. కానీ ఆ కాస్తలోనే మేడ మీద ఎవరో గుడ్డ చింపినట్టు పెద్ద చప్పుడు అయింది. రేకులు ఒకదాని వెనక ఒకటి లేచి, వీధి దాటి, ఎదురింటి ప్రహరీ మీద పడ్డాయి. భార్యాభర్తలు మెట్లెక్కి చూసేసరికి పైన ఆకాశం ఉంది. కింద మెషీను మీద వాన కురుస్తోంది. ఫోము దిమ్మలు నీళ్లు తాగి తాగి గర్భిణీల్లా ఉబ్బి ఉన్నాయి.

"నేను చెప్పలేదూ!" అంది జాగ్రత్తమ్మ మొదటి మాటగా.

అది ఆమె ఊపిరి లాంటి మాట. చెంబు దొర్లినా అదే మాట, చెప్పు తెగినా అదే మాట. అందుకే ఆయన పట్టించుకోలేదు. మెషీను మీద టార్పాలిన్ కప్పడానికి పరిగెత్తాడు.

ఇంటికి బీమా ఉంది. అది కూడా ఆమె పోరు పడలేకే కట్టారు. "చూశారా, నా భయం ఇప్పుడు అక్కరకొచ్చిందా లేదా?" అని ఆమె ముక్కు చీదుకుంటూనే కాస్త గర్వపడింది. కూతురు బట్టల షాపులో బిల్లులు వేసే ఉద్యోగానికి పోయింది, సాయంత్రానికి గాని రాదు. అందాకా ఆగడమెందుకని జాగ్రత్తమ్మే కంపెనీకి ఫోను చేసింది.

"మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అంది ఫోనులో గొంతు. తర్వాత పాట. మళ్లీ ముఖ్యం. మళ్లీ పాట.

"అంత ముఖ్యమైతే ఎత్తి చావచ్చుగా!" అంది ఈవిడ.

సరిగ్గా అప్పుడే ఎవరో అమ్మాయి ఎత్తింది. "నమస్కారమండీ, చెప్పండి."

"చెప్పండి" అనే మాట జాగ్రత్తమ్మతో అనకూడదు. అన్నారంటే చెరువుకి గండి కొట్టినట్టే. గాలి ఎటు నుంచి వచ్చిందో, రేకు ఎవరి గోడ మీద పడిందో, ఆ టైముకి ఎదురింటి పిల్ల అక్కడ ఆడుకుంటూ ఉంటే ఏమై ఉండేదో, అన్నీ చెప్పింది. ఆయన పైన మెషీను దగ్గర ఉండి ఇదేమీ వినలేదు. వినుంటే ఫోను లాక్కునేవాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు తుఫాను. ఫొటోలు పంపమన్నారు. పంపితే సైజు పెద్దదన్నారు. చిన్నది చేసి పంపితే కనబడటం లేదన్నారు. ఒకరు ఇంటి కాగితం కావాలన్నారు, ఇంకొకరు అది తమ విభాగం కాదన్నారు. నష్టం లెక్కగట్టే సర్వేయరు వస్తాడు కాబట్టి అందాకా దేనినీ కదిలించొద్దన్నారు. ఆ వచ్చిన సర్వేయరు తెల్ల బూట్లు వేసుకొచ్చాడు. మేడ మీద నిలిచిన నీళ్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. అక్కడి నుంచే చెయ్యి చాచి ఫొటోలు తీసుకున్నాడు. జాగ్రత్తమ్మ "బాబూ, ఆ తలుపు పట్టుకోకండి, బందు ఊడొచ్చి కాలి మీద పడుతుంది" అంటే చెయ్యి కూడా వెనక్కి తీసుకున్నాడు.

"మరి మాకు ఎప్పటికి తెలుస్తుంది సార్?" అన్నాడు ఆయన.

"మెసేజ్ వస్తుంది" అన్నాడు సర్వేయరు.

మెసేజ్ రాలేదు, ఉత్తరం వచ్చింది. కూతురు నిలబడే చదివింది. చదివి కూర్చుంది.

"ఏమంటున్నారే?" అన్నాడు తండ్రి.

"కప్పు బలహీనంగా ఉందని ఇంట్లో వాళ్లకి ముందు నుంచీ తెలుసట. తెలిసి కూడా బాగు చేయించలేదట. కాబట్టి ఇవ్వరట."

"ఎవరు చెప్పారు వాళ్లకి?"

కూతురు తల్లి వైపు చూసింది. "అమ్మే చెప్పిందట, ఫోనులో. రికార్డు అయిందట."

జాగ్రత్తమ్మకు గుర్తొచ్చింది. "ఆ రేకులు ఏనాటికైనా లేచిపోతాయని నేను ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నానమ్మా, ఈ ఇంట్లో నా మాట వినేదెవరు" అంది. అంది మరి. నిజంగానే మొత్తుకుంది కదా.

"కాలు జారితే తీసుకోవచ్చు గానీ..." అని మొదలుపెట్టాడు ఆయన. సామెత పూర్తి చేయడానికి కూడా ఓపిక లేనట్టు లేచి మేడ మీదికి పోయాడు.

కప్పు లేకపోతే దుకాణం లేదు. సొంతంగా రేకులు వేయించే స్తోమత వాళ్లకు లేదు. ఒప్పుకున్న సోఫాలు సగం సగం కుట్టి ఉన్నాయి. ఊళ్లో పెద్ద ఫర్నిచర్ షాపు ఓనరు ఎప్పటి నుంచో ఆయన్ని జీతానికి రమ్మంటున్నాడు. అక్కడ కుట్టు పని చూసే మేస్త్రి ఒకప్పుడు ఈయన దగ్గరే సూదిలోకి దారం ఎక్కించడం నేర్చుకున్నవాడు. ఈ వయసులో వాడి కింద కూర్చుని కుట్టాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కానీ ఆయన ఓనరుకి ఫోను చేసి "సోమవారం నుంచి వస్తానేమో, ఆదివారం కబురు చేస్తాను" అనడం జాగ్రత్తమ్మ వంటింట్లోంచి వింది.

ఆ రోజే ఆమె ఒట్టు పెట్టుకుంది. ఇక నోరు విప్పదు. ఏమైనా సరే, ఎవరికీ ఏమీ చెప్పదు.

ఇల్లు బోసిపోయింది. కూతురు హెల్మెట్ లేకుండా బండెక్కితే తల్లి గుమ్మంలో పెదవులు బిగించి నిలబడింది. పిల్ల కాస్త దూరం పోయి, ఏదో మర్చిపోయిన దానిలా తనే వెనక్కి తిరిగొచ్చి హెల్మెట్ పట్టుకుపోయింది. పక్కింటి పెద్దాయన "ఏమ్మా జాగ్రత్తమ్మా, ఒంట్లో బాగాలేదా, పొద్దున్నుంచి నన్ను ఒక్కసారీ తిట్టలేదు" అన్నాడు. తల ఊపి ఊరుకుంది.

మేడ మీద బట్టలు ఆరేస్తుంటే టార్పాలిన్ తాడు కంటబడింది. ఇనుప పైపుకి రాసుకుని రాసుకుని పోగులు లేచి ఉంది. ఒక్క గాలి చాలు. ఆమె నోటి దాకా వచ్చింది. ఆయన పక్కనే కూర్చుని, ఎండబెట్టిన ఫోములో మంచి దిమ్మలు ఏరుకుంటున్నాడు. చెబితే ఏమంటాడు? "మళ్లీ మొదలెట్టావా?" అంటాడు. మాట మింగేసి దిగొచ్చేసింది.

మర్నాడు గాలి లేచింది. పెద్ద గాలి కూడా కాదు. తాడు తెగింది. టార్పాలిన్ రెక్కలా కొట్టుకుంది. ఆ వెనకే ఒక జల్లు. ఏరి పెట్టిన మంచి ఫోము కూడా నీళ్ల పాలయింది.

ఆయన తెగిన తాడు చేత్తో పట్టుకుని కిందికి వచ్చాడు. "ఇది అరిగిపోయి ఉందే! నేనెట్లా చూడలేదు?"

జాగ్రత్తమ్మ గోడ వైపు తిరిగింది.

"ఒసేయ్. నువ్వు చూశావు కదూ?"

"చూశాను."

"చూసి కూడా చెప్పలేదా?"

అంతే, ఒట్టు గట్టు తెగింది. "ఎట్లా చెప్పనండీ! చెబితే ఇల్లు ముంచానన్నారు. చెప్పకపోతే ఫోము ముంచానంటున్నారు. మనిషన్నవాడు ఎట్లా బతకాలి ఈ కొంపలో? నోరు కుట్టేసుకోమంటే కుట్టేసుకున్నాను. మీ చేతిలో సూది ఉంది కదా, మీరే కుట్టండి, గట్టిగా ఉంటుంది!"

ఆయనకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందు రానివ్వాలో తెలియక తాడు నేలకేసి కొట్టాడు.

ఆ సాయంత్రం కూతురు ఉత్తరాన్ని మళ్లీ తీసి చదివింది. చివర్లో చీమ తలకాయలంత అక్షరాల్లో ఒక ముక్క ఉంది: నచ్చకపోతే ఫిర్యాదుల విభాగానికి వచ్చి చెప్పుకోవచ్చు. ఫోను చేస్తే మళ్లీ పాట. మళ్లీ ముఖ్యం. ఒకరు ఆన్‌లైన్లో పెట్టమన్నారు. పెడితే పేజీ తెరుచుకోలేదు. విసిగి విసిగి ఆ పిల్ల చివరికి షాపుకి సెలవు పెట్టి ఆ ఆఫీసుకే పోయి కూర్చుంది. శుక్రవారం రమ్మన్నారు.

"అమ్మా, నువ్వు రావాలి. గొంతు నీది కాబట్టి నువ్వు లేకపోతే కుదరదట. కానీ నోరు మాత్రం తెరవకు. తల ఊపితే చాలు. మిగతాది నేనూ నాన్నా చూసుకుంటాం."

"తల ఎటు ఊపాలో అయినా చెబుతావా?"

"అమ్మా!"

ఆఫీసు ఐదో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉన్నా జాగ్రత్తమ్మ ఎక్కలేదు. మధ్యలో ఆగిపోతే? అందరూ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు. ఒక చిన్న గది, పొడుగాటి బల్ల, అద్దం గోడ. బల్లకి అవతల అధికారిణి. కూతురి కంటే కొంచెం పెద్దది ఉంటుంది. మొహంలో ఏమీ కనబడనివ్వదు. ముందున్న కంప్యూటరులో వీళ్ల ఇంటి ఫొటోలు తెరిచి ఉన్నాయి. కీబోర్డు పక్కన, అంచు మీద, నిండుగా కాఫీ కప్పు.

జాగ్రత్తమ్మ చూపు ఆ కప్పు మీద పడింది. కూతురు బల్ల కింద నుంచి తల్లి మోకాలు నొక్కింది.

"చెప్పండి" అంది అధికారిణి.

ఆయన లేచి నిలబడ్డాడు. ఇంట్లో అన్ని మాటలూ వరసగా పెట్టుకుని వచ్చాడు పాపం. తీరా ఇక్కడ "కప్పు పోయిందండీ... గాలికేనండీ... నేను కుర్చీలు కుడతానండీ" అని మూడు ముక్కలు అని కూర్చున్నాడు.

"గాలి వచ్చిందని మేమూ కాదనడం లేదండీ. కానీ కప్పు పాడైపోయి ఉందని మీ ఇంటావిడే చెప్పారు." ఆమె మీట నొక్కింది. గదిలో జాగ్రత్తమ్మ గొంతు గట్టిగా వినబడింది: "...ఆ రేకులు ఏనాటికైనా లేచిపోతాయని నేను ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నానమ్మా, ఈ ఇంట్లో నా మాట వినేదెవరు." మీట మళ్లీ నొక్కింది. గొంతు ఆగింది.

జాగ్రత్తమ్మ చీర కొంగులో మొహం దాచుకుంది.

"మొత్తం వినిపించండి మేడమ్" అంది కూతురు.

"అవసరమైన భాగం ఇదేనమ్మా."

"మీకు అవసరమైంది ఇదే. మాకు మొత్తం అవసరం. మా అమ్మ ఎప్పుడూ ఒక్క వాక్యంతో ఆపదు. నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు."

అధికారిణి గడియారం చూసింది. లంచ్ టైము దగ్గర పడుతోంది. మొహం చిట్లించి, మొదట్నుంచి పెట్టింది.

గదిలో ఇంకో జాగ్రత్తమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. గాలి సంగతి అయింది. రేకుల సంగతి అయింది. అక్కడితో ఆగితే ఆమె జాగ్రత్తమ్మ ఎందుకవుతుంది? "...రేకులొక్కటేనా తల్లీ, ఆ వంటగది గోడ కూడా పడుతుందని చెబుతూనే ఉన్నాను. నీళ్ల ట్యాంకు ఏదో ఒకరోజు మా నెత్తినే పడుతుంది. మా ఆయనకు గుండె ఆగిపోతుందని రోజూ చెబుతాను, ఆయనేమో గుర్రు పెట్టి నిద్రపోతాడు. మా పిల్లను ఆ బండి మింగేస్తుంది. పక్కింటాయన మెట్ల మీంచి పడి పోతాడు, రాసి పెట్టుకో..."

ఆయన బల్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. తన గుండె గురించి ఇంత బహిరంగంగా వినడం ఆయనకు అదే మొదటిసారి.

"...అమ్మాయ్, నీ గొంతేమిటి అట్లా బొంగురుగా ఉంది? ఛాతీ ఫొటో తీయించుకో తల్లీ. నిర్లక్ష్యం చేయకు. మా చుట్టాల్లో ఒకామెకి ఇట్లాగే..."

"లేదమ్మా, ఏసీ వల్ల" అంది రికార్డులో ఆ ఫోను అమ్మాయి, నవ్వాపుకుంటూ.

"అందరూ అట్లాగే అంటారు!"

అధికారిణి తల వంచుకుంది. భుజాలు కదిలాయి. తల ఎత్తేసరికి మొహం మళ్లీ మామూలుగా ఉంది.

"మీ వంటగది గోడ పడిందా?"

"లేదండీ" అన్నాడు ఆయన. "ఇరవై ఏళ్లయింది కట్టి. మేకు కొట్టాలంటే సుత్తి విరగాలి."

"ట్యాంకు?"

"బానే ఉంది."

"పక్కింటాయన?"

"నిన్న కూడా మెట్లెక్కి మా మేడ చూసొచ్చాడు" అంది కూతురు.

అధికారిణి కలం బల్ల మీద పెట్టింది. "సరే. ఈవిడ అన్నిటికీ భయపడతారు. అర్థమైంది. కానీ దానివల్ల కప్పు బాగున్నట్టు తేలదు కదా." ఈసారి ఆమె నేరుగా జాగ్రత్తమ్మను చూసింది. "మీరే చెప్పండమ్మా. రేకులు లేచిపోతాయని భయపడ్డారు. భయపడి ఏం చేశారు?"

కూతురు మోకాలు నొక్కింది. జాగ్రత్తమ్మ ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"ఏం చేస్తానమ్మా, ఈయన ప్రాణం తీశాను. ప్రతి ఏడూ గాలుల ముందు నిచ్చెన వేయించి, ప్రతి బోల్టూ బిగించే దాకా కింద నిలబడేదాన్ని. తుప్పు పట్టిన వాషరు కనబడితే మార్చే దాకా అన్నం పెట్టేదాన్ని కాదు. ఈ ఏడు కూడా మార్పించాను. ఈయన పైనుంచి తిట్టేవాడు, నేను కింద నిచ్చెన పట్టుకుని ఏడ్చేదాన్ని. ఆయన పడిపోతే నేనేం కాను?"

"నిజమేనా?" అంది అధికారిణి.

"బోల్టుకొక తిట్టు తిట్టానండీ" అన్నాడు ఆయన.

అధికారిణి కంప్యూటరు వైపు తిరిగింది. సర్వేయరు గుమ్మంలోంచి తీసిన ఫొటోల్లో ఒకదాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఇనుప పైపుల మీద బోల్టులు వరసగా బిగించే ఉన్నాయి. కొత్త వాషర్లు తళతళలాడుతున్నాయి. వాటి కింద చిరిగిన రేకు ముక్కలు ఇంకా అంటుకుని ఉన్నాయి. బోల్టులు ఊడలేదు. గాలి రేకునే చింపుకుని పోయింది.

"ఈ మాట సర్వే రిపోర్టులో లేదే" అంది ఆమె, తనలో తాను అనుకుంటున్నట్టు.

"ఆయన బూట్లు తెల్లవమ్మా" అంది జాగ్రత్తమ్మ జాలిగా. "లోపలికి రాలేకపోయాడు."

అధికారిణి ఏదో టైపు చేసింది. కూతురు మొహంలోకి రంగు వచ్చింది. అంతా అయిపోయిందనుకునేలోగా ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. "ఫోము కూడా క్లెయిమ్‌లో రాశారు. ఇదంతా ఆ రోజు గాలివానకే పాడైందా?"

"అవునండీ" అని ఆయన అనబోయాడు.

"సగం ఆ రోజే పాడైంది" అంది జాగ్రత్తమ్మ. "మిగతా సగం ఎండి బాగుపడ్డాక, నేను నోరు మూసుకోబట్టి మళ్లీ తడిసిందమ్మా. తాడు అరిగిందని చూసి కూడా చెప్పలేదు. అబద్ధమాడితే ఇంకేం పీకల మీదికి వస్తుందో."

కూతురు రెండు చేతులతో తల పట్టుకుంది. ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు, అచ్చం మనిషి కూర్చుంటే ఫోము దిమ్మ గాలి వదిలినట్టు.

"అయితే ఆ సగం తీసేస్తున్నాను" అంది అధికారిణి. "కప్పు మొత్తానికి, మొదటి రోజు పాడైన సరుకుకి ఒప్పుకుంటున్నాను. ఇక్కడ సంతకం పెట్టండి."

పాలసీ జాగ్రత్తమ్మ పేరు మీదే ఉంది. కాగితం ఆమె ముందుకు వచ్చింది. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. అధికారిణి తన లంచ్ డబ్బా వైపు చూసింది. కూతురు "అమ్మా, పెట్టెయ్" అని గొణిగింది. వేలు కదల్లేదు.

"ఇక్కడ పై విభాగం ఆమోదం వచ్చాక పని మొదలుపెట్టాలని ఉంది. అది ఎప్పుడొస్తుంది?"

"కొంచెం టైము పడుతుందమ్మా. పద్ధతి అది."

"ఈలోగా ఇంకో గాలి వస్తే?"

"ఎందుకొస్తుందమ్మా?"

"ఎందుకు రాదు?"

అధికారిణి అద్దం గోడలోంచి బయటికి చూసింది.

"గాలికి మీ పద్ధతి తెలుసా తల్లీ? రేకులు లేని గది అది. ఈసారి గోడలు తడుస్తాయి, మెషీను తడుస్తుంది. అప్పుడు మళ్లీ మేం ఫోను చేయాలి. మళ్లీ ఆ పాట వినాలి. మీరు మళ్లీ నా గొంతు వినాలి. ఈయనేమో సోమవారం నుంచి ఇంకొకడి కింద కూర్చుని కుట్టాలి. ఆదివారంలోగా వాళ్లకి ఏదో ఒక మాట చెప్పాలి. నేను దీని మీద సంతకం పెట్టను."

"అమ్మా, వచ్చింది కూడా పోతుందే!" అంది కూతురు ఏడుపు గొంతుతో.

పోతుందనే జాగ్రత్తమ్మకూ భయంగా ఉంది. అయినా కలం ముట్టుకోలేదు.

అధికారిణి కాగితం వెనక్కి లాక్కుని, ఆ వాక్యం కొట్టేసి, పైన చేత్తో ఇలా రాసింది: మరింత నష్టం జరగకుండా యజమాని వెంటనే కప్పు వేయించుకోవచ్చు. బిల్లులు తర్వాత పంపాలి. కింద ముద్ర కొట్టి, తన సంతకం పెట్టి, ఇటు తోసింది. "ఇది నా అధికారంలో ఉంది. చదవండి."

జాగ్రత్తమ్మ మళ్లీ మొదటి నుంచి చదివింది. అప్పుడు పెట్టింది సంతకం. లేస్తూ "ఆ కాఫీ కప్పు కొంచెం ఇటు జరుపుకోండమ్మా" అంది. అధికారిణి జరుపుకుంది.

బయట వరండాలో ఆయన కిటికీ పక్కన నిలబడి ముందు ఫర్నిచర్ షాపుకి ఫోను చేశాడు. "రావడం లేదండీ" అన్నాడు, అంతే. తర్వాత రేకులు వేసే మేస్త్రికి చేశాడు. జీవితంలో ఎన్నడూ లేనంత గట్టిగా మాట్లాడాడు.

"ఆ, రేపు పొద్దున్నే రా. కంపెనీ ఒప్పుకుంది... డబ్బు ఇంకా రాలేదయ్యా, వస్తుంది... కాగితం మా చేతిలో ఉంది... లేదు, నేను చదవలేదు. మా ఆవిడ చదివింది. నీకు ఇంకేం కావాలి?"